వాదన ఆగిన ఆదివారం

నేను ఒక గిటారును. పేరున్న కంపెనీ బిడ్డను కాను. కలకత్తాలో ఒక ఇరుకు సందులో, రేకుల షెడ్డులో, నన్ను ఇద్దరు ముసలివాళ్ళు చేశారు. ఒకాయన చెక్కను ఆవిరికి పెట్టి వంచేవాడు, రెండో ఆయన బిరడలు బిగించి తీగలు కట్టేవాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకునేవారు కారు. నా ముందు పలక మంచి కలప. వెనక పలక మాత్రం ప్లైవుడ్డు. రంగు దట్టంగా వేయడంతో తేడా పైకి కనిపించేది కాదు. కొనేవాళ్ళకి వాళ్ళు చెప్పలేదు, నేనూ చెప్పలేదు. మనుషులు కూడా ముందు పలకే చూపిస్తారనీ, వెనక పలక సంగతి ఎత్తరనీ వాళ్ళ మధ్య బతకడం మొదలుపెట్టాక తెలిసింది.

1991లో నన్ను కొన్నవాడు ఫ్రాన్సిస్ అనే ఓడ వంటవాడు. విశాఖపట్నంలో జ్ఞానాపురం మనిషి. సముద్రం మీద పొద్దుపోవడానికి కొన్నాడు గాని మూడేళ్ళలో ఒక్క పాట సాంతం నేర్చుకోలేదు. ఉప్పుగాలికి నా తీగలు తుప్పు పట్టాయి. వంటగది పక్కన వేలాడదీయడంతో ఉల్లిపాయల వాసన నా కడుపులో చేరింది. అది ఇప్పటికీ పూర్తిగా పోలేదు. చివరికి విసుగెత్తి, ఒక సెలవులో ఇంటికొచ్చినప్పుడు నన్ను తన మేనల్లుడు ఐజాక్‌కి ఇచ్చేశాడు. నాతోపాటు ఒక గుడ్డసంచీ కూడా ఇచ్చాడు. ఇంగ్లండులో ఓడ ఆగిన ఊళ్ళల్లో కొన్న కేసెట్లు అందులో ఉన్నాయి.

ఐజాక్‌కి అప్పుడు పద్దెనిమిదేళ్ళు. పాలిటెక్నిక్‌లో చదివేవాడు. సన్నటి మనిషి, పెద్ద గొంతు. ఆ గొంతుతో చర్చిలో కీర్తనలు పాడితే వెనక బెంచీల్లో కునికేవాళ్ళు కూడా లేచి కూర్చునేవారు. అతని పక్కన ఎప్పుడూ ఇంకొకడుండేవాడు. కంచరపాలెం కుర్రాడు, దాలినాయుడు. అతనికి పాడడం రాదు గాని చెవి ఉంది. కేసెట్టులో ఒక ముక్క రెండుసార్లు వినేవాడు, కళ్ళు మూసుకునేవాడు, మూడోసారికి అది నా తీగల మీద పలికేది. అలా ఒకరి చెవితో, ఒకరి గొంతుతో నేను మొదటిసారి నిజమైన గిటారునయ్యాను.

ఆ సంచీలో పదకొండు కేసెట్లున్నా వాళ్ళకి పట్టింది రెండే. ఒకటి కోల్డ్ ఫెర్రీ అనే బ్యాండుది. ఇంగ్లండు ఉత్తరాన ఓడలు కట్టే ఊరు వాళ్ళది. డెనీ అనేవాడు పాడతాడు, కాలిన్ అనేవాడు గిటారు వాయిస్తాడు. పాటల్లో వాన, నిరుద్యోగం, రేవు, మళ్ళీ వాన. రెండోది సండే క్లర్క్స్. లండను శివార్ల కాలేజీ కుర్రాళ్ళు. మాటల్లో చమత్కారం ఎక్కువ, నవ్వుతూ గిల్లే రకం. ఐజాక్ కోల్డ్ ఫెర్రీ మనిషి అయిపోయాడు. దాలినాయుడు సండే క్లర్క్స్ పక్షం చేరాడు. ఎక్కడో ఆరువేల మైళ్ళ అవతల ఆ రెండు బ్యాండులూ పత్రికల్లో తిట్టుకుంటుంటే, జ్ఞానాపురంలో ఐజాక్ వాళ్ళ పెంకుటింటి వరండాలో వీళ్ళిద్దరూ వాళ్ళ తరఫున గొంతులు చించుకునేవారు.

"మీవాడికి గిటారు మీద వచ్చినవి మూడే కార్డులురా," అనేవాడు దాలినాయుడు. "అవే తిప్పి తిప్పి నాలుగు ఆల్బములు చేసీసాడు."

"మూడు చాలవేటి? మనిషికి కావల్సినవెన్ని? తిండి, బట్ట, కొంప. మూడే," అనేవాడు ఐజాక్. "మీవాళ్ళు గిటారు బ్యాండని చెప్పుకుంటారు, పాటకి రెండు కీబోర్డులు! వాళ్ళది పాట కాదురా, తెలివితేటల ప్రదర్శన."

"తెలివుంటే తప్పేటి?"

"తప్పు కాదు. పాడక్కర్లేదంతే."

ఇంటి వెనక రైలు పట్టాలుండేవి. రైలు వస్తే ఇల్లంతా అదిరేది, మాట వినపడేది కాదు. అప్పుడు ఇద్దరూ నోళ్ళు మూసుకుని, ఒకరివైపొకరు కోపంగా చూసుకుంటూ, చివరి పెట్టె వెళ్ళేదాకా ఆగేవారు. పెట్టె దాటగానే వదిలిన చోటే అందుకునేవారు. ఆ మూడు నాలుగేళ్ళూ నేను నిజంగా సంతోషంగా ఉన్నాను.

తరవాత బెంగుళూరు ఆలోచన వచ్చింది. అక్కడ హోటళ్ళలో, క్లబ్బుల్లో ఇంగ్లీషు పాటలు పాడే బ్యాండులకి పని దొరుకుతుందని ఎవరో చెప్పారు. ముందు వేరేవాళ్ళ పాటలు పాడాలి, తరవాత సొంత పాటలు కట్టాలి అనుకున్నారు. సొంత పాటలు అప్పటికే రెండున్నాయి. అరవై పేజీల నోటుబుక్కు కొని అట్ట మీద ఇద్దరి పేర్లూ రాశారు. 1998 ఆగస్టులో ఒక మంగళవారానికి టికెట్లు తీశారు.

ఆ మంగళవారం స్టేషనులో ఐజాక్ నన్ను భుజాన వేసుకుని నిలబడ్డాడు. దాలినాయుడు రాలేదు. ఐజాక్ తన పెట్టె ఎక్కించి, కిందికి దిగి, లోపలికొచ్చే దారివైపు చూస్తూ నిలబడ్డాడు. టీ అమ్మేవాడు రెండుసార్లు వచ్చి వెళ్ళాడు. రైలు కదిలాక కూడా పది అడుగులు దాని పక్కన నడిచి, ఇక తప్పదన్నప్పుడు ఎక్కాడు. నా మెడ తలుపుకి కొట్టుకుని పెచ్చు లేచింది. అతను చూడలేదు.

దాలినాయుడికి జబ్బు చేయలేదు, ప్రమాదమూ జరగలేదు. పోర్టులో గుమాస్తా ఉద్యోగానికి కాగితం వచ్చింది, అంతే. వచ్చి వారమైంది. ఆ వారం రోజులూ వరండాలో కూర్చుని బెంగుళూరులో గది ఎక్కడ తీసుకోవాలో ఐజాక్‌తో చర్చించాడు గాని, ఆ కాగితం సంగతి చెప్పడానికి నోరు రాలేదు. స్టేషనుకి వెళ్తే చెప్పాల్సి వస్తుందని వెళ్ళలేదు. ఇవన్నీ ఐజాక్‌కి వాళ్ళమ్మ రాసిన ఉత్తరంలో తెలిశాయి. సండే క్లర్క్స్‌ని అంతగా ప్రేమించినవాడు చివరికి ఆదివారం సెలవున్న గుమాస్తా అయ్యాడు. నాకు నవ్వు రాలేదు.

బెంగుళూరులో ఏడేళ్ళు. ఒక రిపేరు షాపులో నా పొట్ట కోసి లోపల చిన్న మైకు బిగించారు. ఆ తరవాత నా గొంతు నాది కాదు. నల్లటి పెద్ద పెద్ద స్పీకర్లలోంచి వచ్చేది. స్టేజీలు ఇరుకుగా ఉండేవి. ఐజాక్ నిలబడే చోటుకి రెండడుగుల్లో, సరిగ్గా ఎడమ చెవి పక్కన స్పీకరు ఉండేది. వారానికి ఆరు రోజులు, తాగుతున్నవాళ్ళు అడిగిన పాటలు. పని ముగిశాక చెవుల్లో కీచురాయి కూస్తున్నట్టుందనేవాడు. పొద్దుటికి తగ్గేది. కొన్నేళ్ళకి తగ్గడం మానేసింది. సొంత పాటల నోటుబుక్కు ఎక్కడో గది మారినప్పుడు పోయింది. కోల్డ్ ఫెర్రీ కూడా అప్పుడే విడిపోయింది. ఒక కచేరీ మధ్యలో కాలిన్ గిటారు కింద పెట్టి వెళ్ళిపోయాడట. డెనీ పత్రికలవాళ్ళతో, వాడు చచ్చినా వాడి శవపేటిక మొయ్యను అన్నాడట. ఆ పేపరు ముక్కని ఐజాక్ కత్తిరించి నా పెట్టెలో దాచుకున్నాడు.

2005లో తిరిగొచ్చాడు. స్కూల్లో సంగీతం టీచరు పని దొరికింది. పిల్లలకి కీబోర్డు నేర్పాలి. గిటారు బ్యాండులో కీబోర్డేటని అరిచినవాడికి అదే కూడు పెట్టింది. అదే ఏడు సలోమి అనే కుట్టుపని టీచరుతో పెళ్ళయింది.

తిరిగొచ్చిన మొదటి ఆదివారం దాలినాయుడు వచ్చాడు. గేటు దగ్గర నిలబడ్డాడు. లావయ్యాడు, చేతికి గడియారం వచ్చింది. వరండాలో నేనూ ఐజాక్ ఉన్నాం. తప్పయిపోయిందిరా అని దాలినాయుడు అంటాడనుకున్నాను. అతను గొంతు సవరించుకున్నాడు.

"సండే క్లర్క్స్ కొత్త ఆల్బం వచ్చింది. విన్నావా?"

ఐజాక్ అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు. "విన్నాను. చెత్త."

"చెత్తేట్రా! ఐదో పాట విన్నావా అసలు?" అంటూ గేటు తీసుకుని లోపలికొచ్చాడు.

అంతే. స్టేషను మాట ఎవరూ ఎత్తలేదు. అప్పటినుంచి ప్రతి ఆదివారం, ఐజాక్ చర్చిలో పూజ నుంచి వచ్చాక, దాలినాయుడు స్కూటరు మీద వచ్చేవాడు. సలోమి టీ ఇచ్చేది. వాదన మొదలయ్యేది. ఇద్దరికీ నలభై దాటాయి, జుట్టు పలచబడింది. దాలినాయుడి మామగారు పోయారు, ఐజాక్ వాళ్ళమ్మ పోయింది. ఆ సంగతులు రెండు ముక్కల్లో తేల్చేసి, డెనీ గొప్పవాడా, సండే క్లర్క్స్ మాటలు గొప్పవా అనే దగ్గరికి వచ్చేవారు. సెల్‌ఫోన్లొచ్చాక దాలినాయుడు పోర్టు కేంటీనులో కూర్చుని ఇంగ్లండులో ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళతో కూడా ఇదే వాదన టైపు చేసేవాడు. వాళ్ళలో ఒకడు తనని వెధవన్నాడని ఒక ఆదివారం గర్వంగా చెప్పాడు. చెప్పాల్సిన ఒకే ఒక్క మాట చుట్టూ వీళ్ళు ఇరవయ్యేళ్ళపాటు వేరే దేశపు బ్యాండుల్ని పేర్చి గోడ కట్టారు. ఆ గోడని ఆనుకునే ఇద్దరూ బతికారు. దాలినాయుడు నన్ను మాత్రం ముట్టుకునేవాడు కాదు. నా వైపు చూసేవాడు కూడా కాదు.

ఐజాక్ చెవి పోతున్న సంగతి మొదట తెలిసింది నాకే. శ్రుతి చేసేటప్పుడు నా సన్నతీగని పైకి, ఇంకా పైకి బిగించేవాడు. చాలు చాలు అని నేను మూలుగుతున్నా వినపడేది కాదు. తీగ తెగిపోయేది. ఒక నెలలో మూడు తెగాయి. "ఈమధ్య తీగలు దొంగసరుకు వస్తన్నాయి," అని సలోమితో అన్నాడు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు దవడ ఎముకని నా అంచుకి ఆనించి, పళ్ళు బిగపట్టి, ఒక్కొక్క తీగే మీటి చూసుకునేవాడు. చెవికి అందని మోత ఎముక గుండా అందుతుందేమోనని.

ఒకరోజు డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాడు. చెవి నరం దెబ్బతిందనీ, మెషీను పెట్టుకుంటే ఎదురుగా ఉన్నవాళ్ళ మాటలు తెలుస్తాయి గాని పాట పాటలా వినపడదనీ చెప్పారట. మెషీను తెచ్చుకుని పెట్టుకుని నన్ను వాయించి చూశాడు. రేకుడబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టుందని దాన్ని తీసి డ్రాయరులో పడేశాడు. పిల్లలు తప్పు స్వరం వాయిస్తే దిద్దలేకపోతున్నానని స్కూలుకి రాజీనామా రాసిచ్చాడు. బయటివాళ్ళకి మాత్రం విసుగొచ్చి మానేశానని చెప్పాడు.

"నాయుడన్నయ్యకైనా చెప్పండి," అంది సలోమి, అతనికి ఎదురుగా నిలబడి, నెమ్మదిగా, పెదాలు కనపడేలా.

"వాడికసలు చెప్పకు. నామీద ఒట్టు," అన్నాడు ఐజాక్. "బెంగుళూరు స్పీకర్ల వల్లని తెలిస్తే వాడింక తిన్నగా ఉంటాడేటి? నేనూ వచ్చుంటే అని తలపట్టుకు కూచుంటాడు. నాతో వాదించడం మానేస్తాడు. నన్ను చూసి అయ్యో అననోడు వాడొక్కడే ఉన్నాడే."

కాబట్టి ఆదివారాలు సాగాయి. ఎదురెదురుగా కూర్చుంటే పెదాల కదలికని బట్టీ, మిగిలిన కొద్దిపాటి కుడిచెవిని బట్టీ ఐజాక్ నెట్టుకొచ్చేవాడు. ముప్పై ఏళ్ళుగా అవే మాటలు కావడంతో సగం ముందే తెలిసేవి. ఒక్క తేడా వచ్చింది. వెనక రైలు వెళ్తున్నా ఐజాక్ మాట ఆపేవాడు కాదు. రైలు మోతలో అతని నోరు కదులుతూనే ఉండేది. "రైలెళ్తన్నా ఆగవేట్రా! వయసొచ్చేకొద్దీ మొండితనం ముదిరిపోతంది నీకు," అని దాలినాయుడు నవ్వేవాడు.

అప్పుడొచ్చింది ఆ వార్త. కోల్డ్ ఫెర్రీ మళ్ళీ కలుస్తోంది. పాతికేళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోని డెనీ, కాలిన్ పక్కపక్కన నిలబడి ఫోటో దిగారు. దేశాలన్నీ తిరుగుతారట, ముంబైలో కూడా ఒక కచేరీ ఉందట. ఫోటో చూపించి దాలినాయుడు చిన్నపిల్లాడిలా ఊగిపోయాడు. బ్యాండు తనది కాదు, అయినా.

నెల తిరక్కుండా ఒక ఆదివారం జేబులోంచి కాగితాలు తీసి స్టూలు మీద పెట్టాడు.

"ఏటివి?" అన్నాడు ఐజాక్.

"టికెట్లు. ఫిబ్రవరి ఎనిమిది, ముంబై. నీకొకటి, నాకొకటి. రైలుకి కూడా బుక్ చేసీసాను." దాలినాయుడు తలొంచుకున్నాడు. చేతిగడియారం పట్టీ సరిచేసుకుంటూ అన్నాడు. "ఈసారి స్టేషనుకి ముందు నేనే వస్తాను. నువ్వొచ్చేవరకు నిలబడతాను."

తలొంచుకుని అనడంతో ఆ చివరి రెండు మాటలూ ఐజాక్‌కి వినపడలేదు. "ఏటన్నావు?" అన్నాడు. వినపడలేదంటున్నాడని దాలినాయుడికి తెలియదు. నిలదీస్తున్నాడనుకున్నాడు. తల ఎత్తి, ఎర్రబడ్డ మొహంతో, మళ్ళీ చెప్పాడు. "స్టేషనుకి ముందు నేనే వస్తానన్నాను. నువ్వొచ్చేవరకు నిలబడతాను."

ఇరవయ్యారేళ్ళలో ఆ మాట వాళ్ళ మధ్యకి రావడం అదే మొదలు. నేను ఐజాక్ ఒళ్ళో ఉన్నాను. అతని వేళ్ళు నా తీగల మీద బిగుసుకున్నాయి.

"నేను రాను," అన్నాడు.

"ఎందుకు?"

"వాళ్ళు పాట కోసం కలిసేరనుకుంటన్నావా? డబ్బుకి కలిసేరు."

"దేనికి కలిస్తే నీకేటి? పాడేది ఆ గొంతే కదా."

"ఆ గొంతు తొంభైతొమ్మిదిలోనే పోయింది. ఇప్పుడు పాడతన్నది దాని పెన్షను," అన్నాడు ఐజాక్. "విడిపోయినోళ్ళు విడిపోయినట్టుండాలి. అదే మర్యాద. జనం ఎందుకెళ్తారో తెలుసా? పాట వినడానికి కాదు. ఇరవయ్యేళ్ళప్పుడు ఎలగుండేవాళ్ళమో చూసుకుని ఏడవడానికి."

"ఏడిస్తే ఏటైపోద్దిరా?" దాలినాయుడి గొంతు మారింది. "పాతికేళ్ళు పలకరించుకోనోళ్ళు ఒకే స్టేజి మీద నిలబడతన్నారు. నాకది చూడాలనుంది. పాటలు ఎలగున్నా పర్లేదు. నీ పక్కన నిలబడి చూడాలనుంది."

ఆ మాటకి ఐజాక్ మొహంలో ఏదో విరిగింది. చెప్పేస్తాడనుకున్నాను. వేలమంది మధ్య, రేకుడబ్బాలో గులకరాళ్ళు వింటూ, పక్కవాడు ఆనందంతో ఏడుస్తుంటే తను నవ్వు అతికించుకుని నిలబడాలి. అది తలుచుకునే భయపడ్డాడని నాకు తెలుసు. భయపడ్డవాడు చేతికందిన రాయి విసురుతాడు. చేతికందింది పాతదే.

"ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద రైలు కదిలేదాకా నిలబడ్డాను," అన్నాడు, మెల్లగా. "వారం రోజులు నా పక్కన కూచుని అబద్ధమాడినోడివి. ఇప్పుడొక టికెట్టు ముక్క కొనుక్కొచ్చి, అది చెరిగిపోద్దనుకుంటన్నావా? నీ పక్కన నేను నిలబడను."

దాలినాయుడు తన టికెట్టు తీసి జేబులో పెట్టుకున్నాడు. తరవాత లేచాడు. టీ తెస్తున్న సలోమిని చూసి, "వద్దమ్మా, కడుపులో బాలేదు," అన్నాడు. స్కూటరు నాలుగైదు తన్నులకి గాని కదల్లేదు. టికెట్లలో ఒకటి స్టూలు మీదే ఉంది. ఐజాక్ దాన్ని తీసి నా పెట్టెలో, ఆ పాత పేపరు ముక్క పక్కన పెట్టాడు.

ఫిబ్రవరి ఎనిమిది శనివారమైంది. సాయంత్రం ఐజాక్ వరండాలో ఊరికే కూర్చున్నాడు. అతని ఫోను నా పక్కనే స్టూలు మీద వణికింది. అతను చూడలేదు. సలోమి పరుగున వచ్చి తీసింది.

"సలోమీ! వాడికిచ్చీ తల్లీ! 'నార్త్ పియర్' మొదలెట్టేరు! వాడికి ప్రాణమైన పాట! తొందరగా ఇచ్చీ!"

దాలినాయుడు ఏడుస్తున్నాడు. అతని వెనక వేలాదిమంది పాడుతున్నారు. ఆ గొంతుల మధ్యలోంచి డెనీ గొంతు వచ్చింది. బొంగురుపోయిన గొంతు, పెద్దవాడైపోయిన గొంతు. కేసెట్టులో ఎన్నడూ లేని మెత్తదనం ఉంది అందులో. ఆ వెనకే కాలిన్ గిటారు ఒక్కొక్క స్వరమూ ఆచితూచి, అతన్ని పడిపోనీకుండా పట్టుకుంటున్నట్టు నడిచింది. ఆ నాదానికి నా తీగలు వాటంతటవే సన్నగా పలికాయి. నేను విన్న పాటలన్నిటిలోకీ అది గొప్ప పాట.

సలోమి ఫోను తెచ్చి భర్త కుడిచెవికి ఆనించింది. అతను కళ్ళు మూసుకుని విన్నాడు. కనుబొమలు ముడిపడ్డాయి. ఆ రొదలో పాట ఎక్కడుందో వెతుక్కుంటున్నాడు. కొంతసేపటికి తల అడ్డంగా ఊపి, ఆమె చెయ్యి తోసేశాడు.

"ఆయన... బయటికెళ్ళేరన్నయ్యా," అంది సలోమి ఫోనులో.

"ఫోను ఇంట్లో వదిలేసెళ్ళేడా?"

"అవునన్నయ్యా."

దాలినాయుడు ఫోను పెట్టెయ్యలేదు. పాట ముగిసేదాకా అలాగే ఉంచాడు.

కచేరీ అయిన వారానికి, ఆదివారం, దాలినాయుడు రాడనే ఐజాక్ అనుకున్నాడు. సలోమి చర్చికి వెళ్ళింది. ఐజాక్ ఈమధ్య వెళ్ళడం మానేశాడు, పాటలకి అందరూ లేచేటప్పుడు తెలియక కూర్చునే ఉండిపోతున్నానని. గేటు వైపు వీపు పెట్టి, నన్ను ఒళ్ళో వేసుకుని శ్రుతి చేస్తున్నాడు. శ్రుతి అనకూడదు. నా ఆరు తీగల్లో మూడు దారి తప్పి ఉన్నాయి. అతను ఏదో పాత పాట మెట్లు నొక్కుతూ మీటుతుంటే నాలోంచి వచ్చేది అరుపు.

స్కూటరు ఆగింది. గేటు కిర్రుమంది. దాలినాయుడు మెట్ల కింద నిలబడ్డాడు. కోపంతోనే వచ్చినట్టున్నాడు, అడుగులు బరువుగా పడ్డాయి.

"ఐజాకూ."

ఐజాక్ మీటుతూనే ఉన్నాడు.

"ఒరే, నిన్నే. పలకవేటి? అంత పగేట్రా?"

మళ్ళీ అదే అరుపు నాలోంచి. అప్పుడు దాలినాయుడు విన్నాడు. కేసెట్టు ముక్క రెండుసార్లు వింటే చాలిన చెవి అది. తప్పిన తీగలు ఏవో, ఎంత తప్పాయో క్షణంలో తెలిసిపోయుంటాయి. కావాలని ఎవరూ అలా వాయించరు. అతను చేతిలో తాళంచెవుల గుత్తి మెట్టు మీద పడేశాడు. గట్టిగానే పడింది. ఐజాక్ తిరగలేదు. అంతలో వెనక పట్టాల మీద గూడ్సు బండి వచ్చింది. వరండా అదిరింది. ఐజాక్ వేళ్ళు ఆ మోతలో కూడా ఆగలేదు, తల కూడా ఎత్తలేదు. దాలినాయుడు మెట్టు మీద కూలబడి, రైలు వెళ్ళేంతసేపూ ఆ వీపు వైపు చూస్తూ ఉన్నాడు.

తరవాత లేచి, గేటు దాకా వెనక్కి వెళ్ళి, ఎదురుగా కనపడేలా చుట్టూ తిరిగి వచ్చాడు. ఐజాక్ ఉలిక్కిపడ్డాడు. దాలినాయుడు ఏమీ అనకుండా చెయ్యి చాపి నన్ను తీసుకున్నాడు. ఇరవయ్యారేళ్ళ తరవాత ఆ వేళ్ళు నన్ను తాకాయి. మెత్తబడిన గుమాస్తా వేళ్ళు. ఒక్కొక్క బిరడా తిప్పి, తప్పిన తీగల్ని ఒకటొకటిగా దారికి తెచ్చి, తిరిగి ఐజాక్ ఒళ్ళో పెట్టాడు.

"ఎలగుంది కచేరీ?" అన్నాడు ఐజాక్ చివరికి.

దాలినాయుడు ముందుకి వంగి, మొహంలోకి చూస్తూ, ఒక్కొక్క మాటే విడదీసి చెప్పాడు. "ఏం బాలేదురా. డెనీకి గొంతు లేదు. నువ్వు చెప్పిందే రైటు. డబ్బు కోసమే కలిసేరు. రాకపోడమే మంచిదైంది."

ఐజాక్ అతని పెదాలనే చూస్తున్నాడు. అవి ఆగాక కూడా చూస్తూనే ఉన్నాడు.

"ముప్పై ఏళ్ళయింది," అన్నాడు. "నేను రైటని ఒక్కసారైనా అన్నావా?"

దాలినాయుడు చూపు నా తీగల మీదికి దించుకున్నాడు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"ఇప్పుడే."

"బాగుంది కదూ? కచేరీ."

దాలినాయుడు మొహం చేతుల్లో దాచుకున్నాడు. ఆ చేతుల వెనక ఏమన్నాడో ఐజాక్‌కి తెలియదు. నాకు వినపడింది. "నేనొచ్చుండాల్సింది. ఆ రోజు నేనొచ్చుండాల్సింది," అన్నాడు. పక్కనున్న మనిషికి వినపడకుండా, ఒక గిటారుకి చెప్పాడు ఆ మాట.

ఆ తరవాత కూడా ఆదివారాలు వచ్చాయి. దాలినాయుడు మానలేదు. ఎదురుగా కూర్చుని నెమ్మదిగా మాట్లాడేవాడు. ఐజాక్ ఏం చెప్పినా తలూపేవాడు. ఒకసారి ఐజాక్ కావాలనే, సండే క్లర్క్స్ అంత పనికిమాలిన బ్యాండు భూమ్మీద పుట్టలేదన్నాడు. "అవున్రా, నిజమే," అన్నాడు దాలినాయుడు.

"వాదించరా!" ఐజాక్ అరిచాడు. చెవి పోయినవాళ్ళకి తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. వీధిలోవాళ్ళు తొంగి చూశారు. "నీకు దండం పెడతాను. వాదించు!"

దాలినాయుడు ప్రయత్నించాడు. ఐదో పాట సంగతి ఎత్తాడు. రెండు మాటలయ్యాక మళ్ళీ తలూపడం మొదలుపెట్టాడు. ఒప్పేసుకునేవాళ్ళ మధ్య మాటలు తొందరగా అయిపోతాయి. రావడం రెండు వారాలకొకసారి అయింది, తరవాత నెలకొకసారి. వానాకాలంలో ఒక ఆదివారం ఐజాక్ నన్ను పెట్టెలో సర్ది అతని ముందు పెట్టాడు.

"తీసుకుపో. నా దగ్గిరుంటే దీన్ని హింస పెడతన్నాను."

"నాకెందుకురా..."

"నీకు చెవుంది," అని ఐజాక్ లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు నేను కంచరపాలెంలో, దాలినాయుడి హాల్లో, గోడకి వేలాడుతున్నాను. దుమ్ము పట్టదు. అతను ప్రతి ఆదివారం, ఒకప్పుడు జ్ఞానాపురానికి బయల్దేరే వేళకి, నన్ను కిందికి దించుతాడు. కుర్చీలో కూర్చుని ఆరు తీగలూ శ్రుతి చేస్తాడు. వెంట్రుకవాసి తేడా కూడా ఉండనివ్వడు. తల వంచి, కళ్ళు మూసుకుని, చివరి తీగ మోగి ఆగేదాకా వింటాడు. ఇక వాయించడం మొదలుపెడతాడనుకుంటాను ప్రతిసారీ. లేచి మళ్ళీ గోడకి తగిలిస్తాడు.

ఇంత సరైన శ్రుతిలో నేను నా జన్మలో ఎప్పుడూ లేను.